అరవైలో షటిల్: ఆట కంటే ముందు పిక్కలు

యాభై ఐదు దాటాక షటిల్ ఆడేవాళ్ళని కోర్టుకి దూరం చేసేది మోకాలేనని చాలామంది అనుకుంటారు. మోకాలు ముందునుంచీ మూలుగుతూనే ఉంటుంది, సర్దుకోవడానికి మనకి టైమిస్తుంది. ఏ కబురూ పెట్టకుండా ఒక్క అడుగులో మనిషిని ఏడాదిపాటు కూర్చోబెట్టగలిగేది అకిలిస్ టెండన్. పిక్క కండని మడమ ఎముకకి కలిపేది అదే. మనవాళ్ళు మడమ నరం అంటారు. డెన్మార్క్‌లో షటిల్ బాగా ఆడతారు. ఆటల్లో ఈ టెండన్ తెగిన కేసులు అక్కడ లెక్కేస్తే షటిల్ ముందు వరసలో కనిపిస్తుంది.

పొద్దున ఐదున్నరకి మన ఊళ్ళలో ఏ ఇండోర్ కోర్టుకి వెళ్ళినా ఒక నమ్మకం వినిపిస్తుంది: రోజూ ఆడుతున్నాం కదా, వేరే ఎక్సర్‌సైజ్ ఎందుకు? నా మటుకు నాకు ఇదే అసలు చిక్కు అనిపిస్తుంది. షటిల్ గుండెకి, ఊపిరికి, చురుకుదనానికి మంచి ఆట. కానీ కండ బలాన్ని వాడుకున్నంతగా అది పెంచదు. వయసుతో కండ తగ్గుతుంది. అందులోనూ చటుక్కున కదలడానికి పనికొచ్చే కండే ముందు తగ్గుతుంది, టెండన్ సాగే గుణమూ మారుతుంది. ఆట మాత్రం ముప్ఫై ఏళ్ళప్పుడు అడిగిన గెంతే ఇప్పుడూ అడుగుతుంది. ఆ తేడాని విడిగా పూడ్చుకోవాలి.

మడమ దగ్గర ఏం జరుగుతుంది

టెండన్ సాధారణంగా మడమ ఎముకకి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన తెగుతుంది. అక్కడ రక్తప్రసారం తక్కువ. వెనక్కి వెళ్ళి షటిల్ కొట్టి, ఒంటి బరువు ఇంకా వెనక్కే పోతుండగా, నెట్ పక్కనే పడే డ్రాప్ కోసం ముందుకి దూకుతారు చూడండి, ఆ క్షణం ప్రమాదం. మడమ కిందికి దిగుతుంటుంది, పిక్క అదే సమయంలో బలంగా బిగుస్తుంది. ఒంటి బరువుకి ఎన్నో రెట్ల లాగుడు ఒక్కసారిగా పడుతుంది. ఇది మొదటి గేమ్‌లో కంటే అలసిపోయిన చివరి గేముల్లో ఎక్కువ. ఓడినవాళ్ళు టిఫిన్ పెట్టించాలన్న పందెంతో మొదలయ్యే ఆఖరి గేమ్ ఉంటుందే, దాని గురించే చెబుతున్నాను.

తెగినప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు లేదా రాకెట్‌తో కొట్టినట్టు అనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. టప్‌మన్న చప్పుడు పక్కవాళ్ళకి కూడా వినిపించవచ్చు. తర్వాత నొప్పి అంతగా ఉండకపోవచ్చు, కుంటుతూ నడవనూ గలరు, పాదాన్ని కొంచెం కిందికి వంచనూ గలరు. వేరే చిన్న కండలు ఆ పని చేసిపెడతాయి. అందుకే చాలామంది బెణికిందనుకుని బామ్ రాసుకుని ఇంటికి పోతారు. కోర్టులోనే చూడగలిగే పరీక్ష ఒకటుంది. మనిషిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పాదాలు అంచు బయటికి వేలాడనివ్వాలి. పిక్క మధ్యభాగాన్ని చేత్తో గట్టిగా నొక్కాలి. బాగున్న కాలైతే పాదం దానంతటదే కిందికి వంగుతుంది. వంగకపోతే, లేదా రెండో కాలితో పోలిస్తే కదలికే లేకపోతే, తెగిందనే లెక్క. ఆ కాలు మోపకుండా, పాదం వేళ్ళు కిందికి చూసేలా దన్ను కట్టి, ఆ రోజో మర్నాడో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆపరేషన్ చేయవచ్చు, చేయకుండా బూట్ వేసి కూడా నయం చేయవచ్చు. ఏది కావాలన్నా మొదటి రోజులే విలువైనవి. వారాలు గడిస్తే తెగిన కొసలు దూరమవుతాయి, వైద్యం కష్టమవుతుంది. పుత్తూరు కట్టు మీద మనకున్న నమ్మకం నాకు తెలుసు. కానీ ఇది విరిగిన ఎముక కాదు. ఆ కట్టు కోసం ఆగితే పోయేది ఈ రోజులే.

మందుల చీటీ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ టెండన్‌ని దెబ్బతీయగలవు. 60 దాటినవాళ్ళకి, స్టీరాయిడ్ వాడుతున్నవాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే వీటి సమాచార పత్రాల్లో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర మూత్రంలో మంటకీ విరేచనాలకీ ఇవి మామూలుగా రాస్తారు, చీటీ లేకుండా కొని వేసుకునేవాళ్ళూ ఉన్నారు. డాక్టర్‌కి ‘నేను షటిల్ ఆడతాను, వేరే మందు ఉందా’ అని అడగండి. తప్పదంటే, వాడినన్నాళ్ళూ ఆ తర్వాత కొన్ని వారాలూ గెంతే ఆటలు మానండి. మందు ఆపేశాక కూడా టెండన్ తెగిన సందర్భాలున్నాయి. మడమ వెనక నొప్పి మొదలైతే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

పిక్క లోపలివైపు మధ్యలో రాయి తగిలినట్టు చురుక్కుమని, ఆ తర్వాత నాలుగైదు రోజులకి చీలమండ దాకా నల్లగా కమిలితే, అది కండ చీలడం. టెండన్ అంత పెద్ద విషయం కాదు. తేలికపాటిదైతే 3 నుంచి 6 వారాల్లో సర్దుకుంటుంది. మొదటి కొన్ని రోజులు నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించకండి, లోపల రక్తస్రావం పెరుగుతుంది. చెప్పుల్లో ఒక సెంటీమీటరు మందం మెత్త పెట్టి మడమ ఎత్తుగా ఉంచితే నడక సులువవుతుంది. ఏ దెబ్బా తగలకుండానే ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పెడితే కండ చీలిందనుకోకండి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

పిక్కలకి ఏం చేయాలి

ముందు మీ స్థితి చూసుకోండి. గోడకి రెండు వేళ్ళు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మోకాలు వంచకుండా మడమ పూర్తిగా పైకెత్తి దించండి. ఎత్తు తగ్గకుండా ఎన్ని చేయగలిగారో లెక్కపెట్టండి. రెండో కాలికీ అంతే. 20 చేయగలిగితే మంచి స్థితిలో ఉన్నట్టు. 10 దాటకపోతే, లేదా ఒక కాలికీ మరో కాలికీ అయిదారు తేడా ఉంటే, స్మాష్‌ల సంగతి తర్వాత, ముందు ఇది చూడాలి.

వారానికి మూడు రోజులు ఇలా మడమలెత్తండి, ఆట లేని రోజైతే మేలు. రెండు కాళ్ళ మీద మొదలుపెట్టి, మూడు సెకన్లు ఎక్కడానికి, మూడు సెకన్లు దిగడానికి, 15 చొప్పున మూడు సెట్లు. మధ్యలో నిమిషంన్నర ఆగాలి. రెండు వారాలకి ఒంటికాలికి మారండి. అది తేలికైతే వీపున సంచి తగిలించుకుని 3 కిలోలతో మొదలుపెట్టి 10 కిలోల దాకా పెంచండి. పిక్కలో అడుగున ఇంకో కండ ఉంటుంది, అది మోకాలు వంచినప్పుడే బాగా పనిచేస్తుంది. దానికోసం కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద 10 కిలోల బియ్యం సంచి పెట్టుకుని, మడమలు ఎత్తి దించాలి, అదే లెక్కన. చాలామంది దీన్ని వదిలేస్తారు. పరుగులోనూ గెంతులోనూ ఎక్కువ బరువు మోసేది ఈ కండే. తేడా తెలియడానికి ఎనిమిది వారాలు పడుతుంది. అందరూ ఆపేసేది మూడో వారంలో.

మడమ వెనక ఇప్పటికే నొప్పి, పొద్దున లేవగానే బిగుతు ఉంటే మెట్టు మీద చేయాలి. రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలితో మడమని మెట్టుకి కిందిదాకా మెల్లగా దించాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడు సెట్లు, మోకాలు వంచి ఇంకో మూడు సెట్లు, రోజుకి రెండుసార్లు, 12 వారాలు. స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. నొప్పి సరిగ్గా మడమ ఎముకకి అతుక్కునే చోటే ఉంటే మాత్రం మెట్టు కిందికి దించకూడదు. అక్కడ టెండన్ ఎముకకి ఒత్తుకుని ఇంకా పాడవుతుంది. అలాంటివాళ్ళు నేల మీదే చేయాలి. చేసేటప్పుడు పదికి నాలుగైదు పాళ్ళ నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగాలి. దిగలేదంటే భారం ఎక్కువైంది, సంచి బరువు తగ్గించండి.

తొడలకి కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూడండి. 60–64 వయసులో మగవాళ్ళకి 14 కన్నా, ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువైతే సగటు కంటే వెనకబడినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో 65 దాటినవాళ్ళకి నడక, ఆటలతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండబలం వ్యాయామం, మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన ఉన్నాయి. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడినా ఆ సాధన మొదలైనట్టే. పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి.

తిండి కూడా ఇందులో భాగమే. ఈ వయసులో కిలో ఒంటి బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. 65 కిలోల మనిషికి 65 నుంచి 78 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, చిన్న గిన్నెడు చిక్కటి పప్పులో ఇంచుమించు అంతే. ఇడ్లీ, అన్నం, మజ్జిగతో రోజు గడిపేస్తే ఆ లెక్కకి సగం కూడా చేరదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

కోర్టులో

చేతులు నాలుగుసార్లు తిప్పి, వంగి కాలివేళ్ళు ముట్టుకుని, సర్వీస్ చేసేస్తే అది వార్మప్ అవ్వదు. పన్నెండు నిమిషాలు కేటాయించండి. మూడు నిమిషాలు వేగంగా నడక, మెల్లటి జాగింగ్. తర్వాత గోడ పట్టుకుని కాళ్ళు ముందుకీ పక్కకీ ఊపడం, రెండు కాళ్ళ మీద మడమలెత్తడం 20, సగం లోతు లంజ్‌లు, అంటే ఒక కాలు పొడవుగా ముందుకేసి మోకాలు వంచడం, ఒక్కో వైపు ఆరు. ఆ తర్వాత షటిల్ లేకుండా కోర్టులో ముందు, మధ్య, వెనక రెండు పక్కలకీ, అంటే ఆరు చోట్లకీ సగం వేగంతో అడుగులు. చివరికి రాకెట్: ముందు నెట్ దగ్గర, తర్వాత నెట్ మీదుగా అడ్డంగా కొట్టే డ్రైవ్‌లు, తర్వాత ఎత్తుగా వెనక్కి కొట్టే టాస్‌లు, అన్నిటికీ ఆఖర్న స్మాష్. మన దగ్గర మొదటి షటిల్‌కే స్మాష్ కొట్టి చూస్తారు. భుజం అరిగేది అక్కడే.

ఒక్క కోర్టుకి ఎనిమిది, పది మంది ఉండే చోట ఇంకో సమస్య ఉంది. ఒక గేమ్ ఆడి, చెమటతో ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చుని, పేరు పిలవగానే లేచి దిగుతారు. అప్పటికి ఒళ్ళు చల్లబడిపోయి ఉంటుంది. కూర్చోకుండా తిరుగుతూ ఉండండి. కుదరకపోతే దిగే ముందు రెండు నిమిషాలు మడమలెత్తడం, పక్క అడుగులు చేయండి.

డబుల్స్ ఆడేవాళ్ళు కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లని గుర్తుపెట్టుకుంటే, తమ వంతు ఎంత తక్కువో తెలుస్తుంది. వెనక్కి పరిగెత్తాల్సి వస్తే ముఖం నెట్ వైపు పెట్టుకుని వెనకడుగులు వేయకండి. మణికట్టు విరగ్గొట్టుకునేదీ, తల వెనకభాగం నేలకి తగిలించుకునేదీ అలాగే. పక్కకి తిరిగి, జారుడు అడుగులతో వెళ్ళాలి. తల మీదుగా వెనక మూలకి పోయే టాస్‌ని వెనకున్న పార్ట్‌నర్‌కి వదలండి. పాయింట్ పోతే పోనీయండి. లంజ్‌లో మడమ ముందు నేలకి తాకాలి, మోకాలూ కాలివేళ్ళూ ఒకే దిక్కుకి చూడాలి. మోకాలు లోపలికి వాలితే కీలు నలుగుతుంది. స్మాష్ కంటే నెట్ మీదుగా తక్కువ ఎత్తులో పోయే సర్వీస్, నేరుగా కొట్టే డ్రాప్, ఎదుటివాళ్ళిద్దరి మధ్యకి డ్రైవ్: ఈ మూడూ అరవైలో ఎక్కువ పాయింట్లు తెస్తాయి, ఒంటికీ తేలిక. బాల్ బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాళ్ళకి డ్రైవ్ చేతిలోనే ఉంటుంది, వాళ్ళు నడుము తిప్పడం మాత్రం అలవాటు చేసుకోవాలి.

నెట్ దగ్గర ఉన్నప్పుడు పార్ట్‌నర్ ఏం కొడుతున్నాడో అని ముఖం వెనక్కి తిప్పకండి. ఇది నేను అందరికీ పట్టుబట్టి చెప్పే మాట. షటిల్ బెండు కంటి గుంటలో సరిగ్గా పట్టేంత సైజు. పెద్ద వస్తువుల్ని ఆపేసే కంటి చుట్టూ ఉన్న ఎముక అంచు దీన్నుంచి కంటిని కాపాడలేదు. రాకెట్‌ని ముఖం ముందు ఉంచి ముందుకే చూడాలి. క్యాటరాక్ట్ ఆపరేషన్ అయినవాళ్ళు పాలికార్బొనేట్ కళ్ళద్దాలు పెట్టుకుంటే మంచిది. మామూలు గాజు కళ్ళద్దం పగిలితే అసలుకే మోసం. దెబ్బ తగిలాక మెరుపులు, నల్ల చుక్కల జల్లు, తెర కమ్మినట్టు కనిపిస్తే రెటీనా ఊడి ఉండవచ్చు. గంటల్లో కంటి డాక్టర్ చూడాలి.

బూట్లు గమ్ సోల్‌వే వేసుకోండి. పరుగు బూట్ల మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకి ఆగినప్పుడు చీలమండ మెలిక పడుతుంది. సిమెంటు మీద నేరుగా మ్యాట్ పరిచిన కోర్టుల్లో నేల అదురుని మింగుకోదు, అలాంటి చోట వరసగా రెండు రోజులు ఆడకపోవడం మేలు. కోస్తా ఊళ్ళలో వర్షాకాలం మ్యాట్ తేమగా ఉంటుంది, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య తుడవాలి. చీలమండ బెణికాక నాలుగడుగులు వేయలేకపోతే, లేదా కీలు పక్క ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయించండి.

మోచెయ్యి, భుజం

మోచేతి బయటివైపు నొప్పి ఎక్కువగా చేతిలో రాకెట్‌ని బిగించి పట్టుకోవడం నుంచి వస్తుంది. తగిలే క్షణంలో తప్ప మిగతా సమయమంతా వేళ్ళు వదులుగా ఉండాలి. కుర్రాళ్ళని చూసి రాకెట్‌కి 28 పౌండ్ల బిగువుతో తంతి వేయిస్తారు. 20 నుంచి 23 పౌండ్లు చాలు, షటిల్ తేలిగ్గా ఎగురుతుంది, చేతికి అదురు తగ్గుతుంది. రాకెట్ మీద ఉండే బరువు గుర్తు 4యూ అంటే 80 నుంచి 84.9 గ్రాములు, 5యూ ఇంకా తేలిక. నొప్పి ఉంటే లీటరు నీళ్ళ సీసా, అంటే కిలో బరువు, పట్టుకుని ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి చూస్తుండగా మణికట్టుని రెండో చేత్తో పైకెత్తి, నొప్పి చేత్తో నాలుగు సెకన్లు తీసుకుంటూ దించాలి. 15 చొప్పున మూడు సెట్లు, రోజూ. స్టీరాయిడ్ ఇంజెక్షన్ వారాల్లో హాయినిస్తుంది, ఏడాది తిరిగేసరికి వేయించుకోనివాళ్ళ కంటే వెనకబడతారని పరీక్షలు చూపించాయి. తొందరపడకండి.

భుజం నొప్పిలో ఒక తేడా తెలుసుకోవాలి. మోచేతిని ఒంటికి ఆనించి, ముంజేతిని ఇంకొకరి చేత బయటికి తిప్పించండి. వాళ్ళు తిప్పినా కదలకపోతే భుజం బిగుసుకుపోయే జబ్బు కావచ్చు, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. వాళ్ళు తిప్పితే కదులుతూ, మీ అంతట మీరు ఎత్తలేకపోతుంటే, ముఖ్యంగా పడ్డాక అలా అయితే, భుజం లోపలి టెండన్ చిరిగి ఉండవచ్చు.

మందులు, గుండె, షుగర్

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్ళకి గుండె వేగం ఎంత ఆడినా అంత పెరగదు. చేతి వాచీ చూపించే అంకెని నమ్మకండి. పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, అదే కొలత. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు ఆటకి ముందు షుగర్ చూసుకుని, 90 కన్నా తక్కువుంటే అరటిపండు తిని దిగాలి. కిట్‌లో గ్లూకోజ్ పొడి ఉండాలి. పాదాలకి తిమ్మిరి ఉంటే ఆట అయ్యాక మేజోళ్ళు విప్పి బొబ్బలున్నాయేమో కళ్ళతో చూసుకోవాలి, తెలియదు కాబట్టి. రక్తం పలచబడే మందులు వాడుతూ తల కొట్టుకుంటే, బాగానే ఉన్నా స్కాన్ కోసం వెళ్ళాలి. ఆటకి ముందు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వేసుకుని దిగే అలవాటు మానేయాలి. నొప్పి కప్పేస్తుంది, బీపీ మందులతో కలిసి చెమట పట్టిన ఒంట్లో కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఛాతీ పట్టేసినట్టు, దవడలోకో ఎడమచేతిలోకో లాగినట్టు, ఎప్పుడూ లేని ఆయాసం అనిపిస్తే గేమ్ పూర్తి చేద్దామనుకోకండి. అక్కడికక్కడ ఆపి 108కి ఫోన్ చేయించండి.

దెబ్బ తగిలాక తిరిగి దిగడం

నొప్పి తగ్గిన రోజు ఆట మొదలుపెట్టే రోజు కాదు. పిక్క చీలినవాళ్ళకి వరస ఇదీ: అరగంట కుంటకుండా నడక, తర్వాత ఒంటికాలి మీద 15 సార్లు మడమ ఎత్తడం, తర్వాత పది నిమిషాల జాగింగ్, తర్వాత దెబ్బ తగిలిన కాలి మీదే పది గెంతులు. ప్రతి మెట్టు దాటాక ఒక రోజు ఆగి మర్నాడు పొద్దున పిక్క ఎలా ఉందో చూడాలి. ఆ తర్వాత షటిల్ లేకుండా అడుగులు, తర్వాత సగం కోర్టులో కొట్టుకోవడం, చివరికి ఒక్క డబుల్స్ గేమ్. అకిలిస్ తెగినవాళ్ళకి ఇదే దారి, కాకపోతే 9 నుంచి 12 నెలలు పడుతుంది. తొమ్మిదో నెలలో కూడా ఆ కాలు రెండో కాలంత ఎత్తు మడమ లేపలేకపోతే ఆగాల్సిందే.

ప్రపంచ సీనియర్స్ ఛాంపియన్‌షిప్‌లో 35 ప్లస్ నుంచి మొదలై వయసులవారీగా విభాగాలున్నాయి, 2017లో అది మన కొచ్చిలోనే జరిగింది. వెటరన్స్ టోర్నీకి పేరిచ్చేవాళ్ళు ఒకటి గమనించండి: రోజూ రెండు గేములు ఆడే కాళ్ళు అక్కడ ఒకే రోజు మూడు, నాలుగు మ్యాచ్‌లు ఆడాలి. ఆరు వారాల ముందునుంచి వారానికి ఒక రోజు గంట ఎడంతో రెండు పూర్తి మ్యాచ్‌లు ఆడి అలవాటు చేయండి. ఆఖరి వారం సగానికి తగ్గించండి. సింగిల్స్, డబుల్స్ రెండింటికీ పేరిచ్చారా, ఒకటి తీసేయండి.